మార్చుకోలేనిదానిని ముందు చూడండి



ఇంటరు ఫలితాలు వచ్చి, పిల్లలకు కాలేజీలలో సీట్లు ఖరారయ్యే రోజులలో మా సంఘములోని తల్లిదండ్రులు ఒకే ప్రశ్నతో మా యొద్దకు వస్తుంటారు. ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు మళ్లే వేళ ఎవరో ఒక తండ్రి వెనుక నిలిచిపోతాడు. ఫోనులో ఒక ప్రకటన తెరచి, "అయ్యగారూ, అమ్మాయికి ల్యాప్‌టాప్ కొనాలంట. ఇది మంచి కంపెనీయేనాండీ?" అని అడుగుతాడు.

అడుగుటలో తప్పు లేదు. 40 వేలు, 50 వేల రూపాయల సొమ్ము అది. కౌలు చేసుకొని బ్రతికే ఇంట ఒక పంటకు అంత మిగలని ఏండ్లు ఎన్నో ఉన్నవి. కాని కంపెనీ పేరుతో మొదలుపెడితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. పేరున్న ప్రతి కంపెనీ మంచివీ చేస్తుంది, నాసివీ చేస్తుంది. ఒకే పేరు మీద 30 వేలదీ ఉంటుంది, లక్ష రూపాయలదీ ఉంటుంది. పేరు మాత్రమే చూచి కొన్నవారికి ఏది చేతికి వచ్చేదీ ముందు తెలియదు.

మేము కంప్యూటరు చదువు చదివినవారము కాము. మాది వేదాంత డిప్లొమా. అయినా సంఘపు రిజిష్టరు, కమిటీ మినిట్సు, పెండ్లి శుభలేఖలు, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు మా యింట్లోనే టైపు అవుతుంటాయి. 2018లో మేము కొన్న ల్యాప్‌టాప్ ఈనాటికీ ఆ పనులన్నీ చేస్తూనే ఉన్నది. ఈ కాలములో దానికి బ్యాటరీ మార్పించాము. లోపలి హార్డ్ డిస్కు తీయించి ఎస్.ఎస్.డి. పెట్టించాము. 4 జి.బి. ఉన్న ర్యామ్‌ను 8 చేయించాము. ఛార్జరు వైరు తెగితే మరొకటి తెచ్చుకున్నాము. కాని స్క్రీను అదే, కీబోర్డు అదే, ప్రాసెసరు అదే. ఆ మూడింటిలో ఏ ఒక్కటి నాసిదై ఉన్నా, మిగిలినవి ఎన్ని మార్చినా ఆ యంత్రము ఎప్పుడో మూలపడి ఉండేది.

దీనిని బట్టి మాకు తెలిసిన సూత్రము ఒక్కటే. కొన్న తరువాత మార్చుకోలేనిది ఏదో దానిని ముందు చూడాలి. మార్చుకోగలిగినదానిని తరువాత చూడవచ్చును. కొట్లలో చాలావరకు దీనికి తలక్రిందులుగా జరుగుతుంది. 512 జి.బి., 1 టి.బి. అనే అంకెలు, ఊరకనే ఇచ్చే సంచి, మౌసు ముందుగా చూపుతారు. స్క్రీను ఎటువంటిదో, ర్యామ్ పెంచుకొనుటకు వీలున్నదో లేదో మనము అడిగితేనే గాని చెప్పరు.

ఏ పనికి?

కొట్టుకు వెళ్లకముందే ఇంట్లో కూర్చుండి తేల్చుకోవలసినది ఇది. బి.కాం. చదివే బిడ్డకు టాలీ, ఎక్సెల్, కాస్త టైపు పని ఉంటుంది. ఆమెకు సాధారణమైన ప్రాసెసరు, 8 జి.బి. ర్యామ్ సరిపోతాయి. బి.టెక్.లో కంప్యూటర్ సైన్సు చదివేవారు ఒకేసారి నాలుగైదు ప్రోగ్రాములు తెరచి పనిచేస్తారు కనుక 16 జి.బి. మేలు. సివిల్, మెకానికల్ పిల్లలు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ వంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు వాడాలి. వారికి కూడ 16 కావాలి. టాలీకి, సాలిడ్‌వర్క్స్‌కు విండోస్ ఉండి తీరాలి. క్రోమ్‌బుక్ అనేది చూపులకు ల్యాప్‌టాప్ వలెనే ఉండి తక్కువ వెలకు వస్తుంది. దాని మీద విండోస్ సాఫ్ట్‌వేర్లు ఎక్కవు. ఇంటర్నెట్‌లో పాఠాలు వినుటకు, వ్రాసుకొనుటకు అది చాలునేమో గాని పైన చెప్పిన చదువులకు చాలదు.

మరి కొందరికి మొదటి సంవత్సరము ల్యాప్‌టాప్ అవసరమే రాకపోవచ్చును. అదే కాలేజీలో ముందుగా చేరిన పిల్లలను అడిగి తెలుసుకోండి. మొదటి ఏడు కాలేజీ ల్యాబుతో గడచిపోతుందని వారు చెబితే ఒక ఏడాది ఆగండి. ఏమి అవసరమో అప్పటికి బిడ్డకే తెలుస్తుంది.

స్క్రీను

మార్చలేనివాటిలో మేము స్క్రీనును మొదట పెడతాము. పగిలితే వేరొకటి వేయవచ్చును గాని ఖర్చు చాలా అవుతుంది. నాసి స్క్రీనును మంచిదిగా మార్పించుకొన్నవారిని మేమింతవరకు చూడలేదు. నాలుగేండ్లు బిడ్డ కండ్లు దాని మీదనే ఉంటాయి.

ఇందులో చూడవలసినవి మూడు. మొదటిది చుక్కల లెక్క. స్క్రీను మీది బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. 1366 × 768 అని వ్రాసి ఉంటే సుమారు 10 లక్షల 50 వేల చుక్కలు. 1920 × 1080 అని ఉంటే, అనగా ఫుల్ హెచ్.డి. అయితే, సుమారు 20 లక్షల 70 వేలు. మన తెలుగు అక్షరానికి పైన గుడి, క్రింద ఒత్తు ఉంటాయి. చుక్కలు తక్కువైతే చిన్న అక్షరాలలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కనుక ఫుల్ హెచ్.డి.కి తక్కువైనది తీసుకోవద్దు.

రెండవది స్క్రీను రకము. టి.ఎన్. అనే పాత రకములో ఎదురుగా కూర్చుంటేనే బొమ్మ బాగుంటుంది. కాస్త ప్రక్కకు జరిగినా, క్రిందనుండి చూచినా రంగులు వెలిసిపోతాయి. ఐ.పి.ఎస్. రకములో ఎటునుండి చూచినా దాదాపు ఒకే రీతిగా ఉంటుంది. పేర్లు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. కొట్టులో ప్రక్కకు నిలువబడి చూడండి, మీకే తెలుస్తుంది.

మూడవది వెలుతురు. దీనిని నిట్స్‌లో చెబుతారు. 250 నిట్స్ గదిలోపల సరిపోతుంది. మన ఇండ్లలో పిల్లలు గాలి కొరకు వసారాలోనో గుమ్మము దగ్గరనో కూర్చుంటారు గనుక 300 ఉంటే హాయి.

కీబోర్డు, బరువు

కీబోర్డును చూచి కాదు, కొట్టి తీసుకోవాలి. పది వాక్యాలు టైపు చేయించండి. అక్షరము పడినదో లేదో వ్రేలికి తెలియాలి. తెలుగులో టైపు చేయువారికి ఇది మరీ ముఖ్యము. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. రెండు చేతులకూ ఎడతెగని పని. ఒక్క మీట బిగుసుకొన్నా ప్రతి మాటలోనూ తెలిసిపోతుంది.

లెక్కల పని ఉన్న బిడ్డకు కుడిప్రక్కన విడిగా అంకెల మీటలు ఉన్నది మేలు. అవి సాధారణముగా 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో ఉంటాయి. ప్రతిదినము బస్సులో కాలేజీకి పోయివచ్చే బిడ్డకు 14 అంగుళాలది తేలిక. 1981లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆస్బోర్న్ 1 అనే కంప్యూటరును ఎక్కడికైనా మోసుకొనిపోవచ్చునని గొప్పగా చెప్పుకున్నారు. దాని బరువు సుమారు 11 కిలోలు, స్క్రీను 5 అంగుళాలు, బ్యాటరీయే లేదు. నేడు కిలోన్నర యంత్రము దొరుకుతున్నది. అయినా పుస్తకాలు, క్యారియరు, ఛార్జరు అన్నీ కలిపి ఒక భుజము మీద మోయవలసినది బిడ్డయే గనుక ఆ లెక్కా చూడండి.

ర్యామ్

ఇక్కడ మా సంఘములోని ఒక తల్లి సంగతి చెప్పాలి. ఆమె మిరప కోతలకు పోయి కుమారుని చదివించుకొంటున్నది. 2020లో కరోనా వలన కాలేజీలు మూతపడి పాఠాలు ఫోనులో చెప్పిన రోజులు మనకందరికీ గుర్తే. ఆ యింట ఉన్నది ఒక్కటే ఫోను. ఆమె డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకొని, పట్నములోని ఒక కొట్టులో అన్నిటికంటె తక్కువ వెలది అడిగి తెచ్చింది. అందులో ర్యామ్ 4 జి.బి., దాచుకొనే చోటు 64 జి.బి. కొన్ని నెలలు బాగానే నడిచింది. తరువాత విండోస్ అప్‌డేట్లకే చోటు చాలక, మీట నొక్కితే తెరుచుకొనేసరికి పాఠము సగమయ్యేది.

బాగుచేయువాని దగ్గరకు ఆ కుర్రవానితో మేమూ వెళ్లాము. అతడు మూత విప్పి చూపించాడు. ర్యామ్, నిల్వ చిప్పు రెండూ బోర్డు మీదనే అతికించి ఉన్నవి. "అయ్యగారూ, దీనికి కలపడానికేం లేదండీ. స్లాటే ఇవ్వలేదు," అన్నాడు. ల్యాప్‌టాప్ మూలపడింది గాని గ్రూపులో వాయిదాలు ఆగలేదు. ఆ తల్లి ఇంకా ఏడాదికి పైగా, పనికిరాని యంత్రానికి, తన కూలి డబ్బులో నుండి నెలనెలా కట్టింది. ఆమె తెలివితక్కువ మనిషి కాదు. అడగవలసిన ప్రశ్న ఏదో ఆమెకు చెప్పినవారు లేరు.

ఆ ప్రశ్న ఇది: "ర్యామ్ బోర్డు మీద అతికించినదా, స్లాటులో పెట్టినదా? ఖాళీ స్లాటు ఉన్నదా?" స్లాటు ఉంటే నేడు 8 జి.బి. కొని, చేతిలో డబ్బు ఆడినప్పుడు 16 చేసుకోవచ్చును. అతికించినదైతే రేపు కావలసినంతా ఈ రోజే కొనాలి. వివరాల కాగితములో ఎల్.పి.డి.డి.ఆర్. అని ఉంటే సాధారణముగా అది అతికించినదే. పలుచని ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. అట్లే ఇ.ఎమ్.ఎమ్.సి. అని ఉన్న నిల్వ కూడ బోర్డుకు అతికించినదే, నిదానమైనదే. విండోస్ 11కు కంపెనీ చెప్పిన కనీసము 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. చోటు. కనీసము అనగా తెరుచుకొనుటకు చాలునని అర్థము. చదువుకొనుటకు అది చాలదు.

ప్రాసెసరు

ఇదియు బోర్డు మీదనే ఉంటుంది, మార్చలేము. "ఐ5 తీసుకోండి, ఐ3 వద్దు" అని అందరూ చెబుతారు. అది సగము మాటే. ఆ పేరు తరువాత ఉన్న అంకెలు ఏ తరమునకు చెందినదో తెలుపుతాయి. ఐ5-7200యు అంటే ఏడవ తరము, 2016లో వచ్చినది, అందులో 2 కోర్లు. ఐ3-1215యు అంటే పన్నెండవ తరము, 2022లో వచ్చినది, అందులో 6 కోర్లు. కోరు అనగా పనిచేసే చేయి అనుకోండి. ఇక్కడ చిన్న పేరు గలదే పెద్ద పని చేస్తుంది. 2023 చివరినుండి ఇంటెల్ కంపెనీ కొత్త చిప్పులకు కోర్ 5, కోర్ అల్ట్రా 5 వంటి పేర్లు పెడుతున్నది. ఎ.ఎమ్.డి. వారి రైజెన్ చిప్పులు కూడ మంచివే. ఏదైనను పూర్తి పేరు కాగితము మీద వ్రాయించుకొని, తెలిసిన పిల్లలకు చూపి, ఏ ఏడాదిదో తెలుసుకొన్న తరువాతే డబ్బు ఇవ్వండి.

తరువాత చూడదగినవి

నిల్వ చోటు: ఎస్.ఎస్.డి. ఉండాలి. పాత హార్డ్ డిస్కులో రేకులు తిరుగుతుంటాయి గనుక కుదుపులకు చెడుతుంది, నిదానము కూడ. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో దీనిని మార్చి పెద్దది పెట్టుకోవచ్చును గనుక 512 దొరకకపోతే 256తో మొదలుపెట్టినా నష్టము లేదు.

బ్యాటరీ: "పది గంటలు వస్తుంది" అనే మాట నమ్మవద్దు. బ్యాటరీ మీద వాట్-అవర్ అనే అంకె ఉంటుంది. 42 వాట్-అవర్ బ్యాటరీ గల యంత్రము టైపు పనికి 7 వాట్లు తీసుకొంటే 6 గంటలు నడుస్తుంది. వీడియో చూస్తూ 14 వాట్లు తీసుకొంటే 3 గంటలే. అది ఏ బ్యాటరీ అయినా ఏండ్లు గడచినకొలది నీరసిస్తుంది, అప్పుడు మార్చుకోవాలి. మార్చుకొనే భాగమే గనుక దీని కొరకు మంచి స్క్రీనును వదులుకోవద్దు.

వేడి బ్యాటరీకి శత్రువు. చాలా కంపెనీలు తమ యంత్రాలను 35 డిగ్రీల లోపు వాడమని చెబుతాయి. మన యెండలు 40 దాటుతవి. వేసవి మధ్యాహ్నము పరుపు మీద, దిండు మీద పెట్టి వాడనివ్వకండి. క్రిందనున్న గాలి రంధ్రాలు మూసుకొనిపోతాయి. ఒక చెక్క పీట చాలు. కరెంటు ఎక్కువ తక్కువలకు భయపడనక్కరలేదు. చాలా ఛార్జర్లు 100 నుండి 240 వోల్టుల వరకు తట్టుకొంటాయని వాటి మీదనే వ్రాసి ఉంటుంది. కాని ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గు తీసివేయండి. ఛార్జింగులో ఉండగా ఇనుప మూతను తాకితే చెయ్యి జివ్వుమంటే ఇంట్లో ఎర్తింగు సరిగా లేదేమో ఎలక్ట్రీషియనుకు చూపండి.

వాడినది కొనేవారికి

క్రొత్తది కొనే శక్తి లేనివారు దిగులు పడవద్దు. ఆఫీసులు నాలుగైదేండ్లు వాడి అమ్మివేసిన ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల దొరుకుతాయి. వీటిలో కీబోర్డులు గట్టివి, ర్యామ్ స్లాటులు చాలావాటిలో ఉంటాయి. అయితే ఒక్క జాగ్రత్త. విండోస్ 10కు కంపెనీ ఇచ్చే సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కవలెనంటే ఇంటెల్ ప్రాసెసరు ఇంచుమించు ఎనిమిదవ తరమునకు తక్కువ కారాదు. "ఇందులో విండోస్ 11 వేసే ఉన్నది" అని చూపినా, ప్రాసెసరు తరము అడగండి. పాతదానిలో ఏదో ఉపాయముతో ఎక్కించి అమ్మేవారూ ఉన్నారు. బ్యాటరీ పోయి ఉంటుందని ముందే అనుకొని ఆ ఖర్చు ప్రక్కన ఉంచుకోండి.

క్రొత్తదైనా, పాతదైనా బిల్లు తీసుకోండి. ల్యాప్‌టాప్ మీద 18 శాతము జి.ఎస్.టి. ఉన్నది. అది మిగులుతుందని బిల్లు లేకుండా కొన్నవారు చెడిపోయిననాడు ఎవరినీ అడగలేరు. బిల్లు చేతిలో ఉండి కొట్టువారు వినకపోతే 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. కొనకముందే ఆ కంపెనీ సర్వీసు సెంటరు మీకు ఎంత దూరములో ఉన్నదో కనుక్కోండి. రానుపోను ఒక దినము కూలి పోయే దూరమైతే అదియు వెలలో కలిపి చూచుకోవాలి.

బిడ్డను తీసుకొని వెళ్లండి

చివరిగా ఒక మాట, తండ్రులారా. మన పల్లెలలో ల్యాప్‌టాప్ కొనుటకు తండ్రి, మేనమామ, తెలిసిన కుర్రవాడు ఒకడు పట్నము వెళ్లివస్తారు. ఎవరు వాడాలో ఆ అమ్మాయి మాత్రము ఇంటి దగ్గర ఉంటుంది. డబ్బా తెరచిన తరువాత "బాగుందా?" అని అడుగుతారు. అప్పటికే డబ్బు చెల్లించి ఉన్నారు. ఆమె బాగుందనక మరేమంటుంది? మేము చూచిన ఒక యింట అన్నకు కొన్నది పాతబడిన తరువాత చెల్లెలికి ఇచ్చారు. అన్న చదివినది బి.ఎ., చెల్లెలు చదువుచున్నది ఇంజనీరింగు. పని ఎవరిది పెద్దదో ఎవరూ ఆలోచించలేదు.

వస్తువు ఏదైనా సరే, వాడేవారి చేయి దాని మీద పడకుండా కొనవద్దు. అమ్మాయిని వెంటబెట్టుకొని వెళ్లండి. కొట్టులో కుర్చీ అడిగి ఆమెను పది నిమిషాలు కూర్చుండనివ్వండి. తెలుగులో నాలుగు వాక్యాలు, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కొట్టమనండి. స్క్రీనును ప్రక్కనుండి చూడమనండి. సంచిలో పెట్టి భుజానికి తగిలించుకొమ్మనండి. ర్యామ్ స్లాటు సంగతి ఆమెనే అడగనివ్వండి. కొట్టువాడు తొందరపెడితే ప్రక్క కొట్టు ఉన్నది.

ర్యామ్ పెంచవచ్చు, ఎస్.ఎస్.డి. పెంచవచ్చు, బ్యాటరీ మార్చవచ్చు. బిడ్డ చదువుకొనే నాలుగేండ్లు మాత్రము ఒక్కసారే వస్తాయి. ఆ నాలుగేండ్లు ఆమె కండ్లకు, వ్రేళ్లకు, భుజానికి ఏది హాయిగా ఉండునో దానిని ఆమెనే ఎంచుకోనివ్వండి.